తలుపు అవతలి దగ్గు

మూడో అంతస్తులో చివరి ఫ్లాట్‌కి మంచి పేరు లేదు. రాత్రిపూట ఆ ఇంట్లో ఆడమనిషి నవ్వితే... తలుపు అవతల ఎవరో దగ్గుతారట.

ఎవరో ఏంటి, ఆ బిల్డింగులో అందరికీ తెలుసు. పూర్వం అందులో ఉన్నాయన పెళ్లాం మీద అనుమానంతో, బయటికి వెళ్లినట్టే వెళ్లి, తిరిగొచ్చి తలుపుకి చెవి ఆనించి వినేవాడు. ఆవిడ విసిగి వెళ్లిపోయింది. ఆయన మాత్రం ఖాళీ ఇంటి గుమ్మంలోనే నిలబడి వింటూ వింటూ, ఓ రాత్రి అక్కడే పోయాడు.

అలాంటి ఇంట్లో దిగాడు మా బావ. ఎవరెన్ని చెప్పినా వినలేదు. "గోడలకి చెవులు పెట్టడమే నా ఉద్యోగం. నాకా దెయ్యం కథలు?" అన్నాడు.

ఉద్యోగం నిజంగా అదే. చప్పుళ్లు వినే పెట్టెలు బిగిస్తాడు. గాజు పగిలినా, కుళాయి కారుతున్నా, ముసలివాళ్లు కిందపడినా ఆ పెట్టె విని ఫోన్‌కి కబురు పెడుతుంది. వీధుల్లో అయితే దీపస్తంభాలకి బిగించాలి. ట్రాఫిక్ లేనప్పుడే కుదిరే పని కాబట్టి బావకి రాత్రి డ్యూటీ.

బావకి మా అక్కంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే ఆవిడకి ఊపిరాడనివ్వడు. పాలవాడితో రెండు మాటలు ఎక్కువ మాట్లాడితే ఆ పూట భోజనం మానేస్తాడు. నేను ఫోన్ చేసినా, "తమ్ముడితో అంతసేపు ఏం మాటలు?" అంటాడు. అలాంటివాడు సొంతింట్లో ఆ పెట్టె బిగించింది కుళాయి కోసమని నమ్మడానికి నేనేం వెర్రివాణ్ణి కాదు.

బిగించాక ఇంట్లోవాళ్లు దాని ముందు నడవాలి, నవ్వాలి, దగ్గాలి. అప్పుడది మనిషిని గుర్తుపెట్టుకుంటుంది. తెలిసినవాళ్ల చప్పుడైతే తెర మీద పేరు ఊరికే పడుతుంది. కొత్తవాళ్లదైతే ఫోన్ మోగుతుంది. బూట్లు గుమ్మం బయటే విప్పే ఇల్లు కదా, ఇద్దరూ వట్టికాళ్లతోనే నడిచారు. అక్క పేరు 'ఇంటావిడ' అనీ, తన పేరు 'ఇంటాయన' అనీ పెట్టాడు.

మర్నాటి రాత్రి నిచ్చెన మీద ఉండగా ఫోన్ మోగింది.

హాల్లో అడుగులు — కొత్త మనిషి.

దాని కిందే... ఇంటావిడ నవ్వు.

ఆ కింద ఇంకో లైనేదో ఉంది కానీ, బావ చదివే స్థితిలో లేడు. అసూయతో ఒళ్లు భగ్గుమంది. తన ముందు ఆవిడ నవ్వి ఎన్నాళ్లయిందో గుర్తురాలేదు. ఎవడు వాడు? తనకి దక్కని నవ్వు వాడికెలా దక్కింది?

పొద్దున్నే టీ ఇస్తుంటే అడిగాడు. "రాత్రి ఎవరైనా వచ్చారా?"

"ఈ కొంపకి దెయ్యం తప్ప ఎవరొస్తారు?" అంది అక్క.

ఆ రాత్రీ ఫోన్ మోగింది. ఆ మర్నాడూ మోగింది. ఇక బావ నిశ్చయించుకున్నాడు. వాణ్ణి పట్టుకోవాలి, అక్కని ఆ రాత్రే మా ఇంటికి పంపేయాలి, మళ్లీ మొహం చూడకూడదు.

డ్యూటీకని బయల్దేరి వీధి చివరి నుంచి వెనక్కొచ్చాడు. మెట్ల కిందే బూట్లు విప్పేశాడు. ఊపిరి బిగబట్టి... తలుపుకి చెవి ఆనించాడు.

లోపల బరువైన అడుగులు. టక్... టక్... చేతిలో ఫోన్ వణికింది. కొత్త మనిషి.

ఆ వెంటనే అక్క గొంతు, మురిపెంగా — "చాల్లెండి, ఎంత నవ్విస్తారు! ఇంక పడుకోండి."

బావ తాళం తిప్పి తలుపు ఒక్క తోపు తోశాడు.

"ఎవడే వాడు?"

హాల్లో అక్క ఒక్కతే ఉంది. కాళ్లకి... బావ పాత బూట్లు.

"ఎవరూ లేరండీ..." ఏడుస్తూ చెప్పింది. "ఒక్కదాన్నే ఉన్నానని దానికి తెలియకూడదని మీ బూట్లేసుకుని తిరుగుతున్నా. మీరు ఇంట్లో ఉన్నట్టే మాట్లాడుతున్నా. మీరు జోకేసినట్టు నవ్వుతున్నా."

బావకి తల కొట్టేసినట్టయింది. ఇన్ని రాత్రులూ తన మీద తనే అసూయపడ్డాడన్నమాట! ఫోన్ నేల మీద పెట్టి, అక్కని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ బూట్ల లేసులు తనే విప్పడం మొదలెట్టాడు.

"దానికి అంటే... దేనికే, పిచ్చిదానా?"

"తలుపు అవతల నిలబడి వింటుందే... నేను నవ్వగానే రోజూ దగ్గుతుందే..."

"తలుపు అవతల ఉన్నది నేనే కదే!"

"ఇవాళ మీరే. మరి నిన్న? మొన్న?"

బావ తల వంచుకుని లేసు లాగాడు. ముడి ఇంకా బిగుసుకుంది. స్తంభాలెక్కే మనిషి ఒక్క ముడితో తంటాలు పడుతుంటే చూసి, ఆ ఏడుపులోనే అక్కకి నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో అతని ఎదురుగా నవ్వింది.

తలుపు అవతల... దగ్గు.

ఫోన్ మోగలేదు. కొత్తవాళ్లయితేనే కదా మోగేది. నేల మీద తెర మాత్రం వెలిగింది.

తలుపు బయట దగ్గు — ఇంటాయన.