అద్దం మీద వైరు

ఆ చప్పుడు వంటింట్లో ఉన్న హెల్వికి స్పష్టంగా వినపడింది. ముందు ఏదో ఫటుక్కున విరిగింది. ఆ తర్వాత దాన్ని మంచు మీద ఈడ్చుకుపోతున్నట్టు గరగర. చేతిలో రొట్టె ముక్కతోనే ఆమె కిటికీ దగ్గరికి పరిగెత్తింది. కొత్త తెల్లకారు గేటు దగ్గర ఆగి ఉంది. దాని ముక్కున నల్లటి హీటరు వైరు వేలాడుతోంది. చలికాలం ఇంజను బిగుసుకుపోకుండా రాత్రి ప్లగ్గు పెట్టి ఉంచే మోకాలెత్తు కరెంటు స్తంభం, మూత ఊడి, ఓ పక్కకి ఒరిగిపోయింది.

ప్లగ్గు తీయకుండా బండి నడిపేశాడు ఆమె మొగుడు టాయిస్టో!

ఆ వీధిలో ఏటా ఎవరో ఒకరు ఆ పని చేస్తారు. మంచు కరిగేదాకా వాళ్ళని అందరూ ఆట పట్టిస్తారు. కానీ టాయిస్టో... ముప్పయ్యొక్క ఏళ్ళు బడిపిల్లల బస్సు నడిపిన మనిషి, ఒక్క చలికాలం కూడా ఆ పొరపాటు చేయని మనిషి.

"వైరు అద్దం మీద లేదు హెల్వీ," అన్నాడాయన లోపలికొచ్చి, టోపీ తీయకుండానే. "అద్దం మీద లేదంటే తీసేసినట్టే కదా?"

అది ఆయన పద్ధతి. రాత్రి ప్లగ్గు పెట్టగానే వైరుని ఒక మెలిక తిప్పి, డ్రైవరు వైపు పక్క అద్దం మీద వేస్తాడు. పొద్దున తలుపు తీయబోతే అది కళ్ళకి అడ్డం పడాలి. పాత కారుతో పద్నాలుగు చలికాలాలు అలాగే గడిచాయి. మరి ఇప్పుడేమైంది? వెయ్యడం మర్చిపోయాడా? వేసి, చూడకుండా వెళ్ళాడా? ఎటు ఆలోచించినా హెల్వికి అంతు చిక్కలేదు.

ఆ ఆదివారం కూతురు ఔటి వచ్చింది. దాల్చినచెక్క బన్నులు తెచ్చింది కానీ ముఖం మాత్రం తియ్యగా లేదు. శరదృతువులో పాత కారు అమ్మించి, అదే రకం హైబ్రిడ్‌లో సరికొత్తది వెతికి వెతికి కొనిపించింది ఆ పిల్లే.

"పేరు అదే, కంపెనీ అదే నాన్నా. పాతదానికన్నా పెట్రోలు తక్కువ తాగుతుంది. చప్పుడే ఉండదు," అంది.

"చప్పుడు లేకపోవడమే దాని రోగం. పాతది ఏం చేస్తోందో చెప్పేది. ఇది అన్నీ కడుపులో దాచుకుంటుంది. వెచ్చదనం పెంచుకోవాలంటే ముందు బిగించిన ఆ టీవీలో వెతుక్కోవాలి. పాతదానికి గుండ్రటి మీట ఉండేది, చేతి తొడుగుతోనే తిప్పేవాణ్ణి. దీని సీట్లోంచి మీ అమ్మ లేవాలంటే దొర్లాలి. మంచు మీద తోసుకెళ్ళే మా స్లెడ్జి బండి డిక్కీలో పట్టదు. వెనక్కి చూద్దామంటే వెనక కిటికీ ఉత్తరం కవరంత ఉంది."

"పైగా ఊరికే కీచుకీచుమంటుంది," అని అందుకుంది హెల్వి, ఆయనకి తోడుగా.

"అదీ చెప్పు."

ఔటి కప్పు కింద పెట్టేసింది. "నేను తెచ్చింది నీకు ఎప్పుడు నచ్చింది నాన్నా? స్తంభాన్ని పీకింది కూడా కారేనా?"

ఆయన ఇంకో బన్ను అందుకున్నాడు. ఔటి గిన్నెలు కడిగే నెపంతో తల్లిని వంటింట్లోకి లాక్కెళ్ళింది. "అమ్మా, నేను రోజూ ఆసుపత్రిలో ఇలాంటి వాళ్ళని చూస్తాను. మతిమరుపు ఇలాగే మొదలవుతుంది. కారు మారింది నిజమే... కానీ మారింది కారొక్కటేనా, చెప్పు?"

ఆ ప్రశ్న హెల్వి గుండెలో ముల్లులా దిగింది. ఏదని నమ్మాలి? పొద్దున కారు పాడుదనిపించేది. సాయంత్రానికి కూతురి మాటే నిజమేమోనని భయం వేసేది. కారుని తిట్టుకుంటే మొగుడు బాగున్నట్టు, మొగుణ్ణి అనుమానిస్తే కారు బాగున్నట్టు... ఈ రెండింటి మధ్యా ఆమె బుర్ర తిరిగిపోయింది.

అప్పుడే ఆమెకి ఆ ఆలోచన వచ్చింది. ఇంకోసారి వైరు తెగితే ఔటి ఊరుకోదు. తాళం లాగేసుకుంటుంది. బండి లేని టాయిస్టోని హెల్వి ఊహించుకోలేకపోయింది. అందుకని స్తంభం బాగుచేసిన మర్నాటి నుంచీ, ఆయన గడ్డం గీసుకుంటున్న పది నిమిషాల్లో, గౌను మీదే కోటు వేసుకుని బయటికి వెళ్ళేది. కారు ముక్కులోంచి ప్లగ్గు తీసి, వైరు చుట్టచుట్టి స్తంభానికి తగిలించి, ఏమీ ఎరగనట్టు వచ్చి కాఫీ కాచేది. ఎప్పుడు వెళ్ళినా వైరు అద్దం మీద ఉండేది కాదు. మంచులో పడి ఉండేది. అయ్యో, అద్దం మీద వెయ్యడం కూడా మర్చిపోతున్నాడే అనుకుని, కళ్ళు తుడుచుకుని మరీ లోపలికి వచ్చేది.

రోజులు గడిచేకొద్దీ టాయిస్టో మాటలు తగ్గిపోయాయి. కారుని తిట్టడం కూడా మానేశాడు. అదే హెల్విని ఎక్కువ భయపెట్టింది. బస్సు రోజుల నుంచీ ఆయన ప్రయాణాలు రాసుకునే నీలం నోటుబుక్కు ఇప్పుడు ఎప్పుడూ జేబులోనే ఉంటోంది. ఆమె గదిలోకి వస్తే మూసేస్తున్నాడు.

ఫిబ్రవరి మొదట్లో ఒక ఉదయం ఆయన కాఫీ ముందు కూర్చుని, కారు తాళం తీసి ఆమె పళ్ళెం పక్కన పెట్టాడు.

"ఔటికి ఫోను చెయ్యి. వచ్చి కారు తీసుకుపొమ్మను."

"ఏమైంది టాయిస్టో?"

"ఏమీ కాకముందే ఇచ్చేస్తున్నాను. ఆ పిల్ల చెప్పిందే నిజం. కారుది తప్పు కాదు." పెళ్ళయిన నలభై నాలుగేళ్ళలో ఆయన తాళం ఎవరికీ ఇవ్వడం ఆమె చూడలేదు. "నేను ఎవరి పిల్లల్నీ గుద్దకముందే ఆపేయాలి."

హెల్వి ఆయన కప్పులో కాఫీ నింపింది. తాళం ఏప్రాను జేబులో వేసుకుని ఫోను చేసింది. మధ్యాహ్నానికి వస్తానంది ఔటి.

వెళ్ళిపోయే కారుకి ఒక్కసారైనా మర్యాద చేద్దామనుకుందో ఏమో, హెల్వి బయటికి వెళ్ళింది. ఎండ వచ్చింది కానీ చలి సున్నాకి ఇరవై రెండు డిగ్రీలు కింద. ఔటి వచ్చేసరికి ఇంజను వెచ్చగా ఉండాలి కదా అని, ప్లగ్గు పెట్టింది. నలభై నాలుగేళ్ళుగా చూస్తున్న పద్ధతి. వైరుకి మెలిక తిప్పి, అద్దం మీద వేసి, ఇంటివైపు నాలుగడుగులు వేసింది.

వెనక కారు కిచుక్కుమంది. తాళం జేబులో పెట్టుకుని దూరం జరిగితే తనంతట తనే తలుపులు బిగించుకునే కారు అది. ఆ వెంటనే చిన్న గుర్రుమనే శబ్దం. ఆమె వెనక్కి తిరిగి చూసింది. పక్క అద్దం, నిద్రపోయే పిట్ట రెక్క ముడుచుకున్నట్టు, కారు ఒంటికి ముడుచుకుపోతోంది. దాని మీది వైరు జారి మంచులో పడింది.

పొద్దున చీకట్లో అద్దం ముడిచి ఉన్నా తను పట్టించుకోలేదు. దగ్గరికి వెళితే అద్దం మళ్ళీ విచ్చుకుంది. వైరు వేసింది. నాలుగడుగులు వేసింది. అద్దం ముడుచుకుంది, వైరు పడింది. మూడోసారీ అంతే. పాత కారు అద్దాన్ని చేత్తో మడవాలి. టాయిస్టో వెనక్కి తిరిగి చూసే మనిషి కాదు. వేశానన్న ధీమాతో లోపలికి వచ్చేసేవాడు!

ఆనందంతో ఆమెకి ఏడుపొచ్చింది. ఆయన మర్చిపోలేదు. ఒక్కరోజు కూడా మర్చిపోలేదు... అంతలోనే ఇంకో సంగతి తట్టింది. మరి ఇన్నాళ్ళూ పొద్దున్నే ఆ వైరు చుట్టి స్తంభానికి తగిలించింది ఎవరు?

ఆమె లోపలికి వచ్చిన కాసేపటికి ఔటి కూడా వచ్చి, కోటు విప్పబోయింది. హెల్వి ఇద్దర్నీ బయటికి లాక్కెళ్ళి అద్దం చూపించింది. ఔటి చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. టాయిస్టో మాత్రం ముఖంలో ఏ మార్పూ లేకుండా చూశాడు.

"ఇది ఆ మొదటిరోజుకి సరిపోతుంది," అన్నాడు మెల్లగా. "తర్వాతవాటి సంగతేంటి? రాత్రి ప్లగ్గు పెట్టినట్టు గుర్తుంటుంది. పొద్దున చూస్తే వైరు స్తంభానికి ఉంటుంది. నేనెప్పుడు తీశానో నాకే తెలియదు." జేబులోంచి నీలం నోటుబుక్కు తీశాడు. తేదీలు, పక్కన ఒకే మాట. 'గుర్తు లేదు.' పన్నెండు వరసలు.

"నేనే తీశాను," అంది హెల్వి. "అన్నీ నేనే. నువ్వు గడ్డం గీసుకుంటున్నప్పుడు. ఇంకోసారి తెగితే నీ తాళం పోతుందని... నిన్ను కాపాడదామనుకున్నాను టాయిస్టో. నీకు పిచ్చి పట్టించేశాను."

ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఔటి తల్లిని పట్టుకుంది. "తప్పు నాది. ఆ మాట అన్నది నేను. నాన్నా, ఆ పుస్తకం ఇలా ఇవ్వు, చింపేస్తాను."

"ఆగు. చింపితే లెక్క తేలదు."

ముగ్గురూ లోపలికి వచ్చి కూర్చున్నారు. ఆయన పెన్సిలు తీసి, ఒక్కో వరసనీ ఆమెని అడిగి అడిగి కొట్టేశాడు. సోమవారం? నేనే. మంగళవారం? నేనే. కొట్టేస్తున్నకొద్దీ ఆయన భుజాలు తేలికపడటం హెల్వి చూసింది. పదకొండు వరసలు పోయాయి. చివరిది శనివారం.

"అదీ నేనే," అంది.

ఆయన పెన్సిలు ఆగింది. ఆమెకేసి చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"ఆ శనివారం నీకు జ్వరం హెల్వీ. మంచం దిగలేదు. బ్లూబెర్రీ గంజి నేనే కాచి తాగించాను. మాడ్చానని తిట్టావు కూడా."

మాడిన గంజి దాకా గుర్తున్న మనిషికి, అదే పొద్దున వైరు తీసింది గుర్తు లేదు. సంతోషించాలా, ఏడవాలా హెల్వికి తెలియలేదు. ఔటి తండ్రి వైపు కుర్చీ జరుపుకుంది.

"ఇదొక్కటి నాది," అన్నాడు టాయిస్టో. "ఉండనీ. డాక్టరుకి చూపిద్దాం. ఒక్కటే అయితే ఎవరికైనా అవుతుంది. రెండోది వస్తే నేనే చెప్తాను. నువ్వు నాకు దాచకు, నేను నీకు దాచను."

"దాచను," అంది హెల్వి.

"నాన్నా, ఆ అద్దం ముడుచుకోకుండా ఆపే ఏర్పాటు ఉంటుంది," అంది ఔటి. "ఆ టీవీలోనే."

"ఉండే ఉంటుంది. నువ్వే వెతుకు."

ఔటి బయటికి వెళ్ళి, కారులో కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, దాని తెర మీద వేలు ఆడించసాగింది. హెల్వి ఏప్రాను జేబులోంచి తాళం తీసి, కాసేపు గుప్పిట్లో ఉంచుకుని, ఆయన కప్పు పక్కన పెట్టింది. ఆయన దాన్ని వెంటనే తీసుకోలేదు. కాఫీ తాగాక తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున ఇద్దరూ కలిసి బయటికి వెళ్ళారు. వైరు అద్దం మీదే ఉంది. ఆయన తీశాడు, ఆమె చుట్టింది. హెల్వి ఆ పల్లపు సీట్లోకి మూలుగుతూ దిగింది.

"పాతదే నయం," అన్నాడాయన.

"పాతదే నయం," అంది ఆమె కూడా. కారు చప్పుడు లేకుండా కదిలింది. గేటు దాటేదాకా హెల్వి వెనక్కి తిరిగి స్తంభాన్నే చూస్తూ కూర్చుంది.