మైక్రాన్, స్పానర్, ఒక పాత ఇంజిన్

"దీనికి స్నానం చేయించి తీసుకురండి."

ఇదీ ఆ అమ్మాయి అతనితో అన్న మొట్టమొదటి మాట. 'దీనికి' అంటే ఇంజిన్ బ్లాకుకి. పొద్దున్నుంచీ డీజిల్‌తో కడిగి, బ్రష్షుతో తోమి, గాలి కొట్టి, పెళ్లికూతుర్ని పల్లకీలో తెచ్చినంత జాగ్రత్తగా ట్రాలీ మీద వీధి అవతలి నుంచి తోసుకొచ్చాడు దాన్ని. కడిగాను కదండీ అన్నాడు. ఆమె వాదించలేదు. ఒక బోల్టు రంధ్రంలో చిటికెనవేలు పెట్టి తిప్పి, బయటికి తీసి అతని కళ్ల ముందు నిలబెట్టింది. వేలి కొస నల్లగా ఉంది.

చూడాల్సింది నలుపు. అతను గోరు చూశాడు. గోరు నుంచి చెయ్యి, చెయ్యి నుంచి మోచేతి దాకా మడిచిన నీలం చొక్కా, అక్కణ్నుంచి మొహం. ఇక అయిపోయింది. నోరు మూసుకుని ట్రాలీ వెనక్కి తిప్పాడు.

అతను ఆ వీధిలో కార్ల గ్యారేజీ నడిపే పెద్ద మేస్త్రి కొడుకు. చిన్నప్పుడు బొమ్మలు వదిలేసి స్పానర్ పట్టుకుని నిద్రపోయేవాడట, అందుకని వీధి మొత్తానికీ స్పానర్. ఆమె ఎదురుగా ఉన్న బోరింగ్ షాపాయన మేనకోడలు. అరిగిపోయిన సిలిండర్లని మళ్లీ గుండ్రంగా, నున్నగా కోసిచ్చే షాపు అది. చదువు అవగానే ఊరికే చూసిపోదామని వచ్చి, మెషిన్ వదల్లేక ఉండిపోయింది. మిల్లీమీటర్లో వెయ్యో వంతు దగ్గర కూడా బేరం ఆడనివ్వదు కాబట్టి ఆమెకి మైక్రాన్ అని పేరు పడింది. ఎదురుగా మాత్రం ఎవరూ అలా పిలవరు. ధైర్యం చాలదు.

ఆ ఇంజిన్ పళ్ల డాక్టరుగారి పాత కారుది. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఆయన రోజూ క్లినిక్ మూసి నేరుగా గ్యారేజీకొచ్చి, విప్పి పెట్టిన ఇంజిన్ పక్కన ఐసీయూ బయట చుట్టంలా కూర్చునేవారు. నొప్పి ఎక్కడుందో తెలిసిందా అండీ అని అడిగేవారు.

చిక్కేమిటంటే, బోరింగ్ షాపాయనకి భుజం పట్టేసింది. ఈ ఇంజిన్ పని మొత్తం మేనకోడలి చేతిలో పెట్టాడు. పెద్ద మేస్త్రికి అది మింగుడుపడలేదు. వేళ్లు కాలకుండా ఎవరూ వంట నేర్చుకోరు, నిజమే, కానీ ఆ వేళ్లు కాలేది నా కస్టమర్ ఇంజిన్ మీదే ఎందుకు అని ఇంట్లో సణిగాడు. ఈ ఒక్కటీ ఇస్తున్నా, ఏ మాత్రం తేడా వచ్చినా ఇకమీదట మన పనులన్నీ ఊరి అవతలి షాపుకే అని తేల్చేశాడు.

పనులు ఊరి అవతలికి పోతే, వీధి దాటడానికి స్పానర్‌కి వంకేదీ?

ఈలోగా అతను ఒక లెక్క కూడా వేసుకున్నాడు. షాపాయన్ని ఎప్పట్నుంచో బాబాయ్ అని పిలుస్తాడు. బాబాయ్‌కి మేనకోడలంటే తనకి వరసకి ఏమవుతుంది? మరదలు. ఈ సంగతి తట్టిన రోజు అతను సైలెన్సర్ తలకిందులుగా బిగించాడు.

పిస్టన్లు దొరకడం ఇంకో కథ. కొత్త సెట్టు ఎక్కడా లేదు. రెండు పాత దుకాణాల అటకల మీద రెండేసి చొప్పున దొరికాయి. తెచ్చేరోజు దంచి కొట్టింది వాన. గొడుగు లేదు. చొక్కా విప్పి పిస్టన్లకి చుట్టి, బనియన్ మీద పరిగెత్తుకొచ్చి బోరింగ్ షాపులో పడ్డాడు. నీళ్లు కారుతున్న అతన్నీ, చొక్కా మూటనీ ఆమె మార్చి మార్చి చూసింది. మూట విప్పి, మెత్తటి తువ్వాలు తీసి, నాలుగు పిస్టన్లనీ ఒక్కొక్కటే తుడిచి వరసగా పెట్టింది. చివర్లో ఆ నూనె తువ్వాలే అతని చేతికిచ్చింది.

దాంతోనే తల తుడుచుకున్నాడు. ఆమె పెదవి చివర ఏదో కదిలింది గానీ, మైక్రోమీటర్ పెట్టినా అది నవ్వని తేలేది కాదు.

పిస్టన్లు చలికి ముడుచుకుని ఉంటాయి, గదిలో కాసేపు ఉండనివ్వాలి, అప్పుడే కొలత అసలుది అంది. సరే అని అతనూ ఉండిపోయాడు. రేకుల మీద వాన మోగుతుంటే ఆమె ఒక్కోటి కొలిచింది. ఏ రెండూ ఒక సైజు కాదు. వెంట్రుకని నిలువునా చీలిస్తే అందులో ఒక పేలికంత తేడా. అయితే ఏం, ఏ పిస్టన్‌కి తగ్గ సిలిండర్ దానికి కోస్తాను అంది. చెప్పు జతలో ఎడమదీ కుడిదీ ఉన్నట్టన్నమాట, మార్చి వేస్తే కరుస్తుంది.

బ్లాకు తిరిగి ఇచ్చేరోజు పిస్టన్ల నెత్తిన మార్కర్‌తో ఒకటి నుంచి నాలుగు దాకా రాసి ఉంది. నంబర్ల ప్రకారం వేయండి అని మళ్లీ మళ్లీ చెప్పింది. అతను తల ఊపాడు. నంబర్లు చూశాడు, ఆ నాలుగంకె వంపు ఎంత ముద్దుగా రాసిందో కూడా చూశాడు.

బిగించేటప్పుడు అలవాటుకొద్దీ ఫీలర్ గేజ్ చేతిలోకి తీసుకున్నాడు. పిస్టన్‌కీ గోడకీ మధ్య సందు కొలిచే సన్నటి రేకుల కట్ట అది. తీసుకున్నవాడు మళ్లీ కింద పెట్టేశాడు. ఆమె కోసిన దాన్ని తను కొలవడమా? తప్పు.

డాక్టరుగారి సమక్షంలో తాళం తిప్పారు. మొదటి తిప్పుకే స్టార్టయింది. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. ఆ చెమ్మ జారేలోపే లోపల్నుంచి మొదలైంది చప్పుడు. టక్, టక్, టక్. గ్లాసుని చెంచాతో కొడుతున్నట్టు.

పెద్ద మేస్త్రి పొడుగాటి స్క్రూడ్రైవర్ కొస ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. ఇంజిన్ ఆపించాడు. "బోరు లూజు, సిలిండర్ ఎక్కువ కోసేసింది. నేను ముందే చెప్పాను," అని ఫోన్ తీశాడు.

స్పానర్‌కి ఆ క్షణంలో రెండే కనబడ్డాయి. ఫోన్, వీధి అవతలి నీలం చొక్కా.

"నాన్నా, నాదే తప్పు. పిస్టన్ రాడ్ బోల్టు సరిగ్గా బిగించలేదు."

తండ్రి ఫోన్ దించి కొడుకుని ఒక చూపు చూశాడు. ఆ చూపుకి గ్యారేజీలో టైర్లు కూడా గాలి తగ్గించుకుంటాయి.

మంచి మాట నడుస్తుంది, గాసిప్ స్కూటరెక్కి పోతుంది. సాయంత్రానికల్లా బోరింగ్ షాపులో మావయ్య మేనకోడలికి మురిసిపోతూ చెప్పాడు, కుర్రాడు బంగారం, నీ మీద మాట పడకుండా నెత్తినేసుకున్నాడు అని. ఆమె మెషిన్ ఆపేసింది. చేతులు తుడుచుకోకుండానే వీధి దాటింది.

స్పానర్ ఆమెని చూసి వెలిగిపోయాడు, పాపం. థాంక్స్ చెప్పడానికొస్తోంది అనుకున్నాడు.

"ఏ బోల్టు?" అంది.

"ఆ... మూడో దాంది."

"ఎంత టార్క్‌కి బిగించావు?"

అతను ఏదో అంకె చెప్పాడు. అంత లూజుగా ఉంటే రాడ్ ఈపాటికి బ్లాకుని చీల్చుకుని బయటికొచ్చి టీ తాగుతూ ఉండేది అంది. "అబద్ధం కూడా టైట్‌గా చెప్పడం రాదు నీకు."

ఆమె ఇంత కోపంగా ఉన్నా అతనికి ఒకటి తట్టింది. ఇన్నాళ్లూ మీరు, అండీ. ఇవాళ నువ్వు.

ఆమె అప్పటికే పెద్ద మేస్త్రి వైపు తిరిగింది. "మేస్త్రిగారూ, ఇంజిన్ విప్పించండి. తప్పు నాదైతే మీ పని ఇంకెప్పుడూ ముట్టుకోను, మీరు వెళ్లమనక్కర్లేదు. కానీ ముందు కొలవాలి."

పెద్ద మేస్త్రి గొణిగాడు గానీ కాదనలేదు. మర్నాడు పొద్దున అందరూ చేరారు. మావయ్య భుజానికి కట్టుతో, డాక్టరుగారు క్లినిక్‌కి సెలవు పెట్టి. ఇంజిన్‌కి మూతలాంటి హెడ్ దింపారు, పిస్టన్లు బయటికి తీశారు. చప్పుడు రాగానే ఆపేశారు కాబట్టి ఎక్కడా గీత పడలేదు. ఆమె సిలిండర్ వెడల్పు చూపే ముల్లున్న బోర్ గేజ్ దింపి, లూజు ఉందేమోనని సిలిండర్లన్నీ పైభాగంలో కొలిచింది. తర్వాత పిస్టన్లు కొలిచింది. రెండు కొలతలూ పక్కపక్కన రాసుకుని, ఒకటో నంబరు ఎందులో వేశావు అని అడిగింది. అతను ఫ్యాన్ పక్కనున్న సిలిండర్ చూపించాడు.

"ఒకటి అది కాదు," అని ఆమె వెనక చివర, గేర్‌బాక్సు వైపున్న దాని మీద చెయ్యి పెట్టింది. "ఇది."



ఒకటి అంటే ఫ్యాన్ వైపుదే, కారు ముందు నించుంటే మొదట కనబడేది అదేగా అన్నాడు పెద్ద మేస్త్రి. కనబడ్డమేంటయ్యా, బలం బయటికొచ్చేది వెనకనుంచి, లెక్క అక్కణ్నుంచే, నాకు నేర్పినాయన అలాగే నేర్పాడు అన్నాడు మావయ్య. వెనకనుంచి లెక్కపెట్టే మనిషిని ఇవాళే చూస్తున్నానన్నాడు ఈయన. ఇన్నేళ్లూ ముందు నుంచి లెక్కపెట్టే మనిషికి పని చేసిపెట్టానా అని ఆయన నెత్తి కొట్టుకున్నాడు. ఒకే వీధిలో జుట్టు నెరిసిన ఇద్దరూ ఎదురెదురు చివర్ల నుంచి లెక్కపెట్టుకుంటూ, ఆ సంగతి ఎరక్కుండానే వేల ఇంజిన్లు బాగుచేశారు. కొత్త సెట్టులో పిస్టన్లన్నీ ఒకటే సైజు, ఏది ఎందులో పడ్డా చెల్లిపోయింది. నాలుగూ నాలుగు రకాలైన ఇంజిన్ ఇదే మొదటిది.

డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "మాకూ ఉందండీ ఈ గొడవ. పళ్లని ఒక్కొక్కరు ఒక్కోలా లెక్కపెడతారు. అందుకే పీకే ముందు వేలు పెట్టి, ఇదేనా అని అడుగుతాం."

అందరూ పకపకా నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. స్పానర్‌ని కళ్లతోనే పక్కకి పిలిచింది.

"బిగించేటప్పుడు సందు కొలిచావా?"

"లేదు."

"ఎందుకు?"

"నువ్వు చేశావు కదా అని."

"చప్పుడొచ్చాక కొలిచావా?"

"లేదు."

"ఎందుకు?"

అతను చేతిగుడ్డతో అరచేతులు తుడుచుకున్నాడు.

"నమ్మినప్పుడూ కొలవలేదు, అనుమానం వచ్చినప్పుడూ కొలవలేదు. పైగా త్యాగం ఒకటి. నేను చెయ్యని తప్పుకి నువ్వు నన్ను క్షమించేస్తే, నేను ఎక్కడ తలెత్తుకోవాలి?"

అతను నేల చూశాడు. నాన్న పని ఆపేస్తే మళ్లీ నిన్ను చూడలేనేమోనని భయమేసింది అన్నాడు, ఆమెకి మాత్రమే వినబడేలా.

"భయమేస్తే కొలవాలి," అంది ఆమె.

పిస్టన్లు ఈసారి ఆమె లెక్క ప్రకారం సిద్ధం చేశారు. అతను ఫీలర్ గేజ్ తీశాడు. మొదటి సిలిండర్‌లో రేకు వెన్నలో కత్తిలా జారింది. రెండోదాంట్లోనూ అంతే. మావయ్య ఛాతీ విరుచుకుని, మా అమ్మాయి చెయ్యంటే ఏమనుకున్నారు అని డాక్టరుగారికి వినిపిస్తున్నాడు. మూడోదాంట్లో రేకు ఆగింది. తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ ఆగింది.

తలెత్తితే ఎదురుగా నాన్న. పక్కనే ఆమె. ఇప్పుడే కదా మచ్చ తుడుచుకుపోయింది. ఒక్క మాట మింగేస్తే చాలు, పని ఉంటుంది, వీధి ఉంటుంది, ఆమె ఉంటుంది.

"ఇది టైట్‌గా ఉంది," అన్నాడు.

మావయ్య మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆమె గబగబా వచ్చి గేజ్ దింపింది. పైన సరిపోయింది, మధ్యలో సరిపోయింది. అడుగున ముల్లు వెనక్కి తగ్గింది.

"కింద కోత తగ్గింది," అంది మెల్లగా. తర్వాత అందరికీ వినబడేలా, "ఇది నాదే. అలాగే బిగిస్తే ఎండలో ఏ ఎత్తు రోడ్డు మీదో ఇంజిన్ బిగుసుకుపోయేది."

అని, స్పానర్ వైపు చూసి నవ్వింది. ఈసారి కొలవక్కర్లేని నవ్వు. ఆ నవ్వుకి అతని చేతిలో రేకుల కట్ట విసనకర్రలా విచ్చుకుంది.

పెద్ద మేస్త్రి గడ్డం గోక్కున్నాడు. "తప్పు చెయ్యని మెషిన్ షాపుని నేనింతవరకూ చూళ్లేదు. అడక్కుండా ఒప్పుకున్నదాన్ని ఇవాళ చూశా. తీసుకెళ్లి సరిచేసుకురామ్మా. మన పనులు ఎక్కడికీ పోవు," అన్నాడు. మావయ్య కట్టు ఉన్న భుజంతోనే ఆయన చెయ్యి పట్టుకుని ఊపి, అబ్బా అని మూలిగాడు.

బ్లాకు మళ్లీ వీధి దాటింది. ట్రాలీని ఒకవైపు అతను, ఒకవైపు ఆమె తోశారు. ఒక్కరు తోస్తే చాలే బరువుకి ఇద్దరెందుకని వీధిలో ఎవరూ అడగలేదు.

షాపులో సిలిండర్ గోడని నునుపు చేసే హోనింగ్ మెషిన్ గరగరమని మోగుతోంది. ఆ హోరులో ఏదన్నా వినబడదులే అనే ధైర్యంతో అతను చెప్పేశాడు. ఆమె చెయ్యి చాచి స్విచ్ ఆపింది. మెషిన్ మూలుగుతూ నెమ్మదించి నిలిచిపోయింది.

"ఇప్పుడు చెప్పు."

నిశ్శబ్దంలో అది కొండంత పెద్ద మాట. అయినా చెప్పాడు. "నువ్వంటే నాకిష్టం. చాలా."

ఆమె సిలిండర్లోకి వంగి, వేలితో గోడ తడిమి చూసుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"నాక్కూడా," అంది లోపలికే. ఆ మాట ఖాళీ సిలిండర్లో గుండ్రంగా తిరిగి, ఉన్నదానికంటే పెద్దదై బయటికొచ్చింది.

వాకిట్లో ఎవరో దగ్గారు. పెద్ద మేస్త్రి, మావయ్య, డాక్టరుగారు వరసగా నిలబడి ఉన్నారు. పెద్ద మేస్త్రి మావయ్య చెవిలో ఏదో అన్నాడు. మావయ్య తలూపి, "అదేం లేదమ్మా, మీ అమ్మకి ఫోన్ చేద్దామని నెంబరు అడుగుతున్నారు మేస్త్రిగారు," అన్నాడు.