ఐదున్నరకు దులిపే బట్టలు

శాంతమ్మ మంచం వంటింటి తలుపు పక్కనే వేశారు. అక్కణ్ణుంచి పెరడు, బట్టలారేసే తాడు కనిపిస్తాయి. నలభై మూడేళ్ల కూతురు గ్లోరీ రాయ్‌పూర్‌లోనే నర్సు. సెలవు పెట్టి తల్లి దగ్గరే ఉంది.

మొదట ఆరు నెలలు టీబీ మందులు మింగించారు. దగ్గు తగ్గలేదు. కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. తీస్తే పది రోజుల్లో మళ్లీ నిండింది. చివరికి కెమెరా గొట్టం పంపి పొర ముక్క తీసి పరీక్షించారు. మీసోథీలియోమా. ఊపిరితిత్తుల మీది పొరకు వచ్చే అరుదైన క్యాన్సర్.

"అమ్మ ఎక్కడ పనిచేసేది?" డాక్టరు హిందీలో అడిగాడు.

"ఎక్కడా లేదు సార్. ఇంట్లోనే."

"మరి నాన్న?"

"ఆస్బెస్టాస్ రేకుల ఫ్యాక్టరీలో. పోయి పదకొండేళ్లయింది."

డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు. "ఆయన బట్టలు ఎవరు ఉతికేవారు?"

అప్పట్లో రోజూ ఐదున్నరకు గ్లోరీ నాన్న సుందరరావు పిండిమరలోంచి వచ్చినట్టు తెల్లగా వచ్చేవాడు. శాంతమ్మ పెరట్లో ఆయన చొక్కా దులిపేది. తర్వాత తన చీర. నాన్నను వాటేసుకున్న చిన్నారి గ్లోరీ గౌను విప్పి, చివర అదీ దులిపేది.

"ఆ దుమ్ము ముప్పై నలభై ఏళ్లు లోపలే కూర్చుంటుంది," అన్నాడు డాక్టరు. కీమో ఇద్దాం, నయమవుతుందని మాత్రం అనుకోవద్దన్నాడు.

రెండో కీమో అయిన నాలుగో రోజు.

"నర్సు ఉద్యోగమట. నీ సూది కంటే దోమ నయం," అని నవ్వబోయి శాంతమ్మ ఆయాసపడింది. గ్లోరీ దిండు ఎత్తు చేసింది. సాయంత్రం ఐదున్నర. గాలి లేదు. ఎక్కణ్ణుంచో తడి సిమెంటు వాసన.

ఫట్.

పెరట్లో గుడ్డ విదిలించిన చప్పుడు. తాడు మాత్రం ఖాళీగానే ఉంది.

"మీ నాన్న చొక్కా," అంది శాంతమ్మ గుసగుసగా.

"పక్కింటివాళ్లమ్మా."

ఫట్.

"అది నా చీర..."

ఆమె కూతురి మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం ఎక్కడిదో... చూపు మాత్రం తలుపు వైపే.

"ఏవండీ... చాలు. పిల్లది వద్దు..."

తలుపు వెయ్యాలనుకుంది గ్లోరీ. ఆ పట్టు వదల్లేదు. అలవాటు కొద్దీ తల్లి ఊపిరి లెక్కపెట్టింది. నిమిషానికి నలభై నాలుగు. రెండో చేత్తో మంచం పక్కనున్న సిలిండర్‌లో ఆక్సిజన్ పెంచింది. చెయ్యడానికి ఇంకేమీ లేదు.

మూడో చప్పుడు రాలేదు. మణికట్టు మీద పట్టు సడలింది.

సమాధి చేసిన మర్నాడు గ్లోరీ పెరట్లో తాడు విప్పి, చుట్టచుట్టి వీధి చెత్తకుండీలో పడేసి వచ్చింది. సాయంత్రం ఒక్కతే టీ పెట్టుకుంటోంది.

ఫట్.

తలుపు తీసింది.

తాడు కట్టి ఉంది. దాని మీద ఒక్కటే బట్ట. ఏడేళ్ల పిల్ల గౌను. జేబు దగ్గర అమ్మ వేసిన నీలం కుట్టు. ఆ గౌను చిరిగి, మసిగుడ్డై, పొయ్యిలో కాలిపోయి ముప్పై ఏళ్లు దాటింది.

గాలి లేదు. గౌను ఊగుతోంది. దాని చుట్టూ తెల్లటి పొడి మెల్లగా ఇటే వస్తోంది.

గ్లోరీ ఊపిరి బిగబట్టింది.

ఎంతసేపని...