సాస్ కౌంటర్ దగ్గర నాలుగు నిమిషాలు

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటా పదిహేడు నిమిషాలు. దోహాలో అల్ ఘర్రాఫా ప్రాంతంలోని షెన్ కిచెన్స్ రెస్టారెంట్‌లో, ఆరో నంబర్ టేబుల్ దగ్గర యుస్రా కుర్చీలోంచి జారి కింద పడింది.

మొహం ఉబ్బిపోయింది. పెదాలు నీలమయ్యాయి. ఊపిరి ఈల వేస్తోంది.

ఆమె స్కూల్ టీచర్. వేరుశనగ ఒంటికి పడదు. ఆ సంగతి ఆర్డర్ ఇచ్చేటప్పుడే రెండుసార్లు చెప్పింది. నువ్వుల సాస్‌తో నూడుల్స్ తెప్పించుకుంది. గట్టిగా నాలుగు ముద్దలు తిన్నదో లేదో!

మంగళవారం మధ్యాహ్నానికి ఆమె ఇంకా ఐసీయూలోనే ఉంది. ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. నువ్వుల సాస్‌లో వేరుశనగ కలిసింది.

"ఐదు గంటలకు పోలీసులకు పేరు చెప్పాలి. ఎవడు చేశాడో నాకు కావాలి," అంది షెన్ యూలాన్.

పదకొండు రెస్టారెంట్ల కంపెనీకి ఆమె మేనేజింగ్ డైరెక్టర్. ఇరవై మూడేళ్ళ క్రితం చైనా నుంచి దోహా వచ్చి, ఒక హోటల్లో ఉల్లిపాయలు తరిగింది. పొయ్యి దగ్గరికి రావడానికి నాలుగేళ్ళు, తన సొంత బోర్డు పెట్టడానికి పన్నెండేళ్ళు పట్టింది. వంటగదుల్లో నేర్చుకున్న హిందీలోనే అందరినీ తిట్టేది. ఆమె బండి చప్పుడు వింటే కుక్‌లు నోళ్ళు మూసుకునేవాళ్ళు.

ఆ పని ఆమె అప్పగించింది సెక్యూరిటీ మేనేజర్ జియావుద్దీన్‌కు. అతనికీ ఆమె అంటే పడదు. నిజామాబాద్‌లో పద్దెనిమిదేళ్ళు పోలీసు డ్యూటీ చేసినవాడు. కిందటి నెల మీటింగ్‌లో అందరి ముందూ, "నీకంటే తాళంకప్ప నయం," అన్నది ఆమె. ఆ మాట ఇంకా మండుతూనే ఉంది.

బ్రాంచ్ మేనేజర్ చిరంజీవి కాకినాడ మనిషి. జియావుద్దీన్ కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"ఇంకా ఏం చూస్తారండీ జియావుద్దీన్ గారూ? సాస్ కౌంటర్‌లో ఉన్నది నర్సింలు ఒక్కడే. వేరుశనగ సాస్, నువ్వుల సాస్ డబ్బాలు రెండూ పక్కపక్కనే ఉంటాయి. గరిటె మార్చేసి ఉంటాడు. వాడితో సంతకం పెట్టించేస్తే సరి."

"మీరు వంటగదిలోకి ఎన్నింటికి వెళ్ళారు?"

"నేనా? అసలు వెళ్ళలేదండీ."

"ఎవరు చెప్తారు?"

"కెమెరా చెప్తుంది!"

కెమెరా నిజంగానే చెప్పింది. అతను వెళ్ళలేదు.

నర్సింలు స్టోర్ రూమ్‌లో బియ్యం బస్తా మీద కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి. ఆరేళ్ళు సైట్‌లో సిమెంటు మోసి, ఈ మధ్యే వంటగదికి వచ్చాడు. ముఐథర్‌లో, పనివాళ్ళ కోసం కంపెనీ పెట్టిన క్యాంప్‌లో ఉంటాడు.

"ఎర్ర డబ్బా దేనిది?"

"పల్లీలది సార్. దాంట్లకు ఎర్ర గంటెనే."

"పసుపుపచ్చ?"

"నువ్వులది. గంటె గూడ పసుపుపచ్చదే. నాకు ఇంగ్లీష్ చదువ రాదు గానీ రంగులు తెల్వయా సార్?"

"నువ్వుల సాస్ ఎప్పుడు కలిపినవ్?"

"పన్నెండింటికి. గప్పుడే శాంపిల్ తీసి ఫ్రిజ్‌ల పెట్టిన."

"మధ్యల ఎవరన్నా ముట్టిండ్రా?"

"నేను సూడలే సార్. పన్నెండుంబావు సంది ఆర్డర్లు మీద పడ్డయ్. పెద్దమేడం రౌండ్‌కు వచ్చింది, నిమ్మకాయలు తెమ్మని లోపలికి పంపింది. గంతే." అతను లేచి నిలబడ్డాడు. "ఆ టీచరమ్మ బతుకుతదా సార్?"

"ఇంక ఐసీయూలనే ఉంది," అన్నాడు జియావుద్దీన్.

పన్నెండు గంటల శాంపిల్‌ను ల్యాబ్ పరీక్షించింది. అందులో వేరుశనగ లేదు. అంటే, తప్పు ఆ తరువాతే జరిగింది. అతను కెమెరా రికార్డింగ్ రెండుసార్లు చూశాడు. నర్సింలు చేతిలో ఎర్ర గరిటె ఒక్కసారి కూడా పసుపు డబ్బా వైపు పోలేదు.

సోమవారం పోలీసులు తీసిన ఫొటోలను మూడున్నరకు ముందేసుకున్నాడు. డబ్బాలు. గరిటెలు. రుచి చూసే ప్లాస్టిక్ చెంచాల పెట్టె. దాని కింద చెత్తబుట్ట. బుట్టలో టిష్యూ కాగితాలు, నిమ్మ తొక్కలు.

ఆ చివరి ఫొటో దగ్గర అతని వేలు ఆగిపోయింది.

లేచి, తనిఖీకి వచ్చినవాళ్ళు రాసే వంటగది రౌండ్ పుస్తకం తెప్పించుకున్నాడు. ఒక్క పేజీ చదివి, దాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు.

నాలుగూ నలభైకి ఆఫీసు గదిలో అతని ముందు ముగ్గురున్నారు. షెన్, చిరంజీవి, తలుపు దగ్గర నర్సింలు.

"పేరు," అంది షెన్.

"మన వంటగదిలో రుచి చూడటానికి రూల్ ఏంటి మేడమ్?"

"నాకే పరీక్ష పెడుతున్నావా? ఒక రుచికి ఒక ప్లాస్టిక్ చెంచా. వాడి, బుట్టలో పారేయాలి. ఆ రూల్ రాసింది నేనే."

"సోమవారం పన్నెండున్నరకు బుట్ట మార్చారు. ఒంటిగంటా యాభైకి పోలీసులు దాన్ని ఫొటో తీశారు. అందులో ఒక్క చెంచా లేదు."

"అయితే?"

"పన్నెండూ నలభై ఒకటి నుంచి నలభై అయిదు దాకా మీరు సాస్ కౌంటర్ దగ్గర ఉన్నారు. కెమెరాకు మీ వీపు మాత్రమే కనబడింది. మీ చేతిరాతే ఇది: వేరుశనగ సాస్ సరే. నువ్వుల సాస్‌లో ఉప్పు తక్కువ, వేసి కలిపాను." అతను పుస్తకం మూశాడు. "రెండూ రుచి చూశారు. చెంచాలేవి మేడమ్?"

షెన్ చేయి దానంతటదే కోటు జేబు మీదికి పోయింది. అందులోంచి పొడుగు కాడ స్టీలు చెంచా తీసి చూసింది. దాన్ని రోజూ పదకొండు వంటగదులకూ తిప్పేది. నర్సింలునూ, చిరంజీవినీ, అందరినీ అనుమానించారు. ఆమెను లెక్కలోకి తీసుకోవాలని ఎవరికీ తోచలేదు. ఆమెకు కూడా.

"తుడిచాను," అంది నెమ్మదిగా. "టిష్యూతో తుడిచాను. ఉప్పు వేసి, దీంతోనే కలిపాను."

చిరంజీవి గబుక్కున ముందుకు వంగాడు. "మేడమ్, ఈ గది దాటి పోనివ్వొద్దు. కాగితం రెడీగా ఉంది. నర్సింలు సంతకం పెట్టేస్తే..."

"బయటికి నడువు."

"మేడమ్, మీ మంచికే..."

"నడువు!"

అతను పోయాడు. ఆమె నర్సింలు వైపు తిరిగింది. క్షమించమని అంటుందేమోనని జియావుద్దీన్ చూశాడు. అనలేదు.

"రేపు డ్యూటీ ఏడింటికి. లేట్ చేయకు."

నర్సింలు గోడకు జారగిలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

పోలీస్ స్టేషన్‌కు జియావుద్దీనే బండి నడిపాడు.

"నువ్వు సంతోషంగా ఉన్నావు," అంది ఆమె వెనక సీట్లోంచి.

"పొద్దున అయితే ఉండేవాణ్ణి మేడమ్."

ఆమె ఏదో అనబోయింది. అంతలో ఫోన్ మోగింది. హాస్పిటల్ నుంచి. యుస్రా కళ్ళు తెరిచింది. సొంతంగా ఊపిరి తీసుకుంటోంది. ప్రమాదం తప్పింది.

షెన్ నుదురు కిటికీ అద్దానికి ఆనించింది. భుజాలు ఒకసారి కదిలాయి.

సిగ్నల్ దగ్గర జియావుద్దీన్ అద్దంలో ఆమెను చూశాడు. ఎందుకడిగాడో అతనికే తెలియదు.

"బండి వెనక్కి తిప్పమంటారా మేడమ్?"

"ఎందుకు?"

ఆ ఒక్క మాటలో పాత విసురంతా ఉంది. అతను బండి ముందుకు పోనిచ్చాడు.

స్టేషన్‌లో డ్యూటీ ఆఫీసర్ ఫారం తీశాడు. తప్పు ఎవరిదని అడిగాడు.

"నాది," అంది షెన్ యూలాన్. తరువాత జియావుద్దీన్ వైపు చూడకుండానే, "నా పేరు వీళ్ళు ఎప్పుడూ తప్పు రాస్తారు. పక్కన నిలబడి అక్షరాలు సరిగ్గా చెప్పు," అంది.

జియావుద్దీన్ కౌంటర్ దగ్గరికి జరిగి, ఒక్కొక్క అక్షరమే చెప్పాడు.