వెనక్కి పడిన అడుగులు

తార్నాక వైపు గేటులోంచి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి వెళ్తే, చివర్లో ఒక ఫుట్‌బాల్ గ్రౌండు ఉంది. చీకటి పడ్డాక అటు వాచ్‌మన్ కూడా పోడు.

ఆడవాళ్ళ ఫుట్‌బాల్ క్లబ్బొకటి ఏడాదిన్నర బతికి చచ్చింది; ఆ గ్రౌండు దానిదే. మూతపడ్డ మూడు నెలల నుంచీ రాత్రిళ్ళు అక్కడ తెల్లచీర తిరుగుతోందట. ఉరేసుకున్న ప్లేయరట. ఆడినన్నాళ్ళూ పద్దెనిమిది మందిలో ఒక్కరి పేరూ తెలుసుకోని జనం, ఒకతె చచ్చిందనగానే ఎంత ఇష్టంగా చెప్పుకున్నారో.

నిజానికి ఎవరూ చావలేదు. క్లబ్బును మాత్రం మేనేజర్ భానుప్రకాశ్ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్కతో చంపేశాడు - రేపట్నుంచి గ్రౌండుకి రావద్దు.

గోల్‌కీపర్ స్వరూపకి బెంగళూరు క్లబ్బు చోటిచ్చింది. పాత క్లబ్బు తనను వదిలేస్తున్నట్టు రిలీజ్ లెటర్ రేపు మధ్యాహ్నంలోగా చూపించాలి. లేకపోతే ఈ సీజను పోయినట్టే. భానుప్రకాశ్‌ని అడిగితే, ఎక్కడో పెట్టానమ్మా, వెతకాలి అన్నాడు. ముప్పై సార్లు అడిగింది. ముప్పై సార్లూ అమ్మా అన్నాడు.

హబ్సిగూడ టిఫిన్ సెంటర్లో కౌంటర్ పని ముగించుకుని, డ్రెస్సింగ్ రూమ్ తాళం పగలగొడదామని తనే వచ్చింది. చేతిలో రాయి. కడుపులో మంట - భయానికి చోటు లేనంత.

గ్రౌండులో అడుగుపెట్టింది...

సర్... సర్... ఏదో రాలుతున్న చప్పుడు.

ఫోన్ లైటు ముందుకు వేసింది. తడిమట్టిలో పాదాల గుర్తులు. చప్పుడు తన వైపే వస్తోంది... పాదాలు మాత్రం అటు తిరిగి ఉన్నాయి. మడమలు ఇటు, వేళ్ళు అటు.

నానమ్మ చెప్పిన దయ్యాల కథలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. రాయి చేతిలోంచి జారింది.

తెల్లటి వీపు... వంగి... వెనక్కి వెనక్కి నడుస్తూ... వచ్చి ఆమెకు తగిలింది.

"ఎవలది? గీత తొక్కకు, ఇప్పుడే పోసిన."

బుచ్చవ్వ. గ్రౌండులో సున్నంతో గీతలు పోసే మనిషి. పోసిన గీత తొక్కకూడదని ఎప్పుడూ వెనక్కే నడుస్తుంది. తెల్లారకముందే మల్కాజ్‌గిరిలో ఊడ్చే పనికి పోవాలి గనక, పొద్దుటి ప్రాక్టీసుకి రాత్రే పోసి పోయేది. ఇప్పటికీ పోస్తూనే ఉంది.

స్వరూప కింద పడ్డ రాయిని కాలితో పక్కకి నెట్టింది. "క్లబ్బు బందయిందవ్వా. నీకెవ్వరూ చెప్పలేదా?"

"నాకు ఫోనున్నదా బిడ్డా?" బుచ్చవ్వ బకెట్ దించింది. "సారు పోయేటప్పుడు కాయితాలిచ్చిండు. పిల్లలొస్తే ఇయ్యమన్నడు. ఒక్క పిల్లన్న రాకపాయె."

గ్రౌండు పక్కనున్న సున్నం బస్తాల మధ్య నుంచి కవరు తీసింది. పద్దెనిమిది రిలీజ్ లెటర్లు. సంతకాలతో, స్టాంపులతో.

రావద్దన్నదీ అతనే. వస్తే ఇమ్మన్నదీ అతనే.

స్వరూప తన లెటరు తీసి జాకెట్లో దాచుకుంది. అక్కడి నుంచే భానుప్రకాశ్‌కి ఫోన్ చేసింది. నంబరు చూడకుండానే నిద్రమత్తులో హలో అన్నాడు. స్వరూప, ఎప్పుడూ అడిగేదే అడగమని సైగ చేసి, ఫోన్ బుచ్చవ్వ చెవికి పెట్టింది.

"సారూ, గ్రౌండుల కెల్లి మాట్లాడుతున్న. గీతలు పోసుడయింది. పొద్దుగాల ఎంతమంది పిల్లలొస్తరు?"

అవతల మంచం కిర్రుమంది. తర్వాత, వణుకుతూ... "ఎవరు... ఎవరది?"

"మళ్ళ అడుగవ్వా," అంది స్వరూప.