సంపులోంచి పిలిచిన గొంతు

చీకటి పడ్డాక మురుగు పంపుహౌసు దారిన పోవాలంటే ఎంతటి మొనగాడైనా జంకేవాడు. టౌను మోరీల నీళ్లన్నీ అక్కడి పెద్ద బావిలో కలిసేవి. దాన్ని సంపు అనేవారు. ఆ నీళ్లను మోటరు ఎత్తి, అవతల మడ్డి దిగే గుంతల్లో పోసేది. పగలు వాసన. రాత్రి అయితే...

"ఇనుము మీద ఇనుము కొట్టినట్టు సప్పుడొస్తది. ఎర్రటి దీపం కదులుతది. మనిషి మాత్రం కనవడడు."

మాడుగులపల్లి నుంచి పాలు తెచ్చే కోటయ్య ఒట్టేసి చెప్పేవాడు. ఇది డెబ్బై నాలుగు వానాకాలం నాటి ముచ్చట.

ఆ మాటకు అందరికంటే ఎక్కువ జడుసుకున్నది మున్సిపాలిటీ ఓవర్సీరు నర్సింగరావు. పంపుహౌసు ఆయన కిందిదే మరి! కానీ ఎవరితో చెప్పుకుంటాడు? ఓవర్సీరుకు దెయ్యం భయమంటే ఆఫీసంతా నవ్వదా?

ఆ ఎండాకాలంలోనే మోటర్ల రిపేరు పని కాంట్రాక్టుకు ఇచ్చేశారు. అంతకుముందు పదకొండేండ్లు ఆ పని చూసింది పక్క తండా రాందాసు, రోజుకూలి ఫిట్టరు. "ఇగ రేపటి సంది రావద్దు" అని అతనికి చెప్పింది నర్సింగరావే. రాందాసు బోల్టులు విప్పే పానాలన్నీ కడిగి, వరుసగా పేర్చి వెళ్లిపోయాడు.

కాంట్రాక్టరు ప్రభాకర్‌ది కోదాడ. నెలకోసారి ఇస్త్రీ చొక్కాతో వచ్చి బల్ల మీద కాగితం పరిచేవాడు.

"మోటరు ఆగిందని ఎవరన్నా చెప్పారాండీ మీకు? ఆ కంపులోకి మీరెందుకు శ్రమపడటం... ఇక్కడే సంతకం పెట్టేయండి."

'స్వయంగా చూశాను, పని బాగుంది' అని రాసి ఉండేది. నాలుగు నెలల్లో నాలుగు సంతకాలు పెట్టాడు నర్సింగరావు. ఒక్కసారి కూడా చూసిరాలేదు.

ఒక ఆదివారం మాడుగులపల్లిలో అక్క ఆండాళు ఇంటికి వెళ్లి వస్తుంటే వాన దంచింది. ఎప్పుడూ వచ్చే మిల్లుల బాట మోకాలి లోతు నీళ్లలో మునిగింది. ఇక మిగిలింది పంపుహౌసు దారే. పొద్దు గూకింది. సైకిలు దిగి నడిపించుకుంటూ, నోట్లో నోట్లో ఆంజనేయ దండకం అందుకున్నాడు.

సగంలో ఉండగా వినబడింది.

ఠక్... ఠక్... ఠక్...

టక్కున ఆగాడు. సంపు గట్టు మీద ఎర్రటి వెలుగు వణుకుతోంది. చప్పుడు ఆగిపోయింది. చెట్ల మీది నుంచి నీటి చుక్కలు రాలుతున్నాయి, అంతే. అప్పుడు... భూమి కడుపులోంచి వచ్చినట్టు ఒక గొంతు—

"తాడు... తాడు గుంజుండ్రి..."

సైకిలు వదిలేసి పరుగెత్తాడు నర్సింగరావు! వెనక ఆ గొంతు మళ్లీ పిలిచింది. వినబడింది. వినబడుతుండగానే పరుగెత్తాడు. బురదలో జారి బోర్లా పడ్డాడు. లేవబోతుంటే దగ్గు వినిపించింది... ఊపిరాడని మనిషి దగ్గు.

దెయ్యం దగ్గుతుందా?

ఆ ఆలోచన రావడానికి అంతసేపు పట్టిందని ఆయన చచ్చేదాకా తలవంచుకునే చెప్పేవాడట.

వెనక్కి వెళ్లాడు. గట్టు మీద కందిలి దీపం, పక్కన ఇనుప గుంజకు కట్టిన మోకు. తొంగి చూస్తే లోపల రొమ్ముల్లోతు నల్లటి నీళ్లలో ఒక తల... వాలిపోతూ ఉంది. విషపు గాలి ముఖానికి కొట్టి కళ్లు తిరిగాయి. పళ్లు బిగించి మోకు గుంజాడు. అరచేతుల తోలు లేచిపోయింది.

పైకొచ్చిన మనిషి గట్టు మీద వెల్లకిలా పడి చాలాసేపు ఎగశ్వాస తీశాడు. ముఖం తుడుచుకున్నాక గానీ గుర్తుపట్టలేదు నర్సింగరావు.

"రాందాసూ... నువ్వా?"

"నేనే సార్. పైపు మూతికి గుడ్డలు సుట్టుకున్నయి. పానాతోని కొట్టి తీయకుంటే తెల్లారేసరికి మోటరు కాలిపోతది."

"ఎన్నాళ్ల సంది దిగుతున్నవ్?"

"మూడు నెలలాయె. కాంట్రాక్టోల్లు ఒక్కపారి వచ్చి మోటరుకు రంగేసి పోయిండ్రు, అంతే. మొదటి వానకు రాత్రంతా మోటరు ఆగింది సార్. ఈ నీళ్లు పొర్లి మా తండ బాయిల కలిసినయి. మా పక్కింటి హేమ్లా బిడ్డకు వాంతులు, విరేచనాలు... దక్కలే. గప్పటి సంది నేనే వస్తున్న."

"ఒక్కనివేనా?"

"తాడు వట్టేది నా పెండ్లాం పుష్పాబాయి. ఇయ్యాల జరమొచ్చి లేవలే. ఈడ దెయ్యమున్నదని కోటయ్యతోని అన్నది గూడ ఆమెనే సార్. ఎవరన్న జూస్తే ఎల్లగొడ్తరని..."

నర్సింగరావు తను పారిపోయిన సంగతి చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలి? ఆలోపే రాందాసు చిన్నగా నవ్వాడు.

"ఆఫీసుల చెప్పుకుంటుంటే విన్న సార్. పని మంచిగున్నదని నెల నెల రాస్తున్నరట గద! గా దినమే పుష్పకు చెప్పిన... మనం దిగేది సార్‌కు అంత ఎరికే, చూసి గూడ చూడనట్టున్నడు, మనల కాపాడుతున్నడు అని. మీరున్నరన్న ధైర్యంతోనే దిగుతున్న."

కందిలి వెలుగు నుంచి ముఖం పక్కకు తిప్పుకున్నాడు నర్సింగరావు.

"నేను జూడలే, రాందాసూ. ఒక్కనాడు గూడ రాలే. ఇందాక నువ్వు పిలిస్తే గూడ... ఉర్కిన."

రాందాసు నవ్వు ఆగిపోయింది. మోకు నెమ్మదిగా చుట్టుకుని, కందిలి పట్టుకుని, తండా వైపు నడిచాడు.

తెల్లారి, నాలుగు సంతకాలూ అబద్ధమని నర్సింగరావు రాసిచ్చాడు. ఆయనకు ఇంక్రిమెంట్లు ఆగాయి. ప్రభాకర్ కాంట్రాక్టు పోయింది. దసరా లోపలే రాందాసుకు పని మళ్లీ దొరికింది, ఈసారి పర్మినెంటుగా. మంచి పని చేశావని అందరూ నర్సింగరావు భుజం తట్టారు.

సంపు శుభ్రం చేసిన ప్రతిసారీ ఆయన దగ్గరుండేవాడు. చొక్కా చేతులు మడిచి, మోకు పట్టుకోవడానికి ముందుకు వచ్చేవాడు. రాందాసు దండం పెట్టేవాడు, మర్యాదగా కుర్చీ తెచ్చి వేసేవాడు. కానీ పుష్పాబాయి వచ్చి మోకు చేతికి తీసుకునేదాకా... లోపలికి కాలు పెట్టేవాడు కాదట.