గ్రిమ్‌షా మలుపులో మూలుగు

గ్రిమ్‌షా మలుపుకి మంచి పేరు లేదు. మా పాత మోటారుసైకిళ్ళ క్లబ్బువాళ్ళు ఎవరు ఆ ఎత్తెక్కినా ఒక మూలుగు వెంటపడేది — ఊఁ... ఊఁ... అని. కార్లవాళ్ళకి వినిపించదు. గొర్రెలకి అసలే పట్టదు. అయినా మాకు అనుమానం రాలేదు, అంతటి మేధావులం.

మా మెకానిక్ నారిస్ పోయింది అక్కడే. ఆగిపోయిన బండిని మంచులో తోసుకుంటూ గుండె ఆగింది. బతికినన్నాళ్ళూ "గేరుబాక్సులో బాల్ బేరింగు వద్దు, రోలర్ వెయ్యండ్రా" అని మా ప్రాణం తీశాడు. చచ్చాక అక్కడ చేరి సణుగుతున్నాడని మా అందరి నమ్మకం.

ఇక క్లిఫర్డ్ సంగతి. వాడు చెప్పిందే చెప్తున్నా. వాళ్ళ నాన్న కొన్న బండికి పక్కన తగిలించిన సైడ్‌కారుంది. తల్లి ఎడ్నాకి ఎనభై నాలుగు, సోమవారం తుంటి ఆపరేషను. ఈలోగా ఆ సైడ్‌కారులోనే మలుపు పైనున్న గుట్ట మీదికి, మొగుడు తనని పెళ్ళికి అడిగిన చోటికి, ఒక్కసారి వెళ్ళాలని ఆవిడ కోరిక. మళ్ళీ వెళ్ళగలనో లేదోనని పైకి అనలేదు గానీ, వాడికి తెలుసు.

శనివారం చీకటి పడుతుండగా మలుపు తిరిగి మూడో గేరు వేశాడు...

ఊఁ... ఊఁ...

"అమ్మా... నారిస్!"

"బతికున్నప్పుడూ మూలిగేవాడేగా. పోనీరా."

పోనివ్వలేదు. బండి వెనక్కి తిప్పేశాడు. ఎడ్నా మెడ తిప్పి గుట్ట వైపే చూస్తూ కూచుంది.

"బాక్సు వేడెక్కిందమ్మా" అని సిగ్గు కప్పిపుచ్చుకుంటూ ఇంటికెళ్ళి గేరుబాక్సు విప్పాడు. బేరింగు తీసి వంటింటి బల్ల మీద, టీ కప్పు పక్కన పెట్టాడు. ఎడ్నా దాన్ని వేలితో తిప్పింది.

ఊఁ... అంది బేరింగు.

"ఇది బట్టలుతికే మిషన్‌లోది కదరా?"

"సైజు ఒకటేనమ్మా. చవగ్గా వచ్చాయని క్లబ్బులో అందరం అవే వేసుకున్నాం."

"పాడయ్యేముందు నా మిషనూ ఇలాగే ఏడ్చింది."

టాప్ గేరులో ఆ బేరింగు మీద బరువు పడదు. మూడో గేరులో బండి గట్టిగా గుంజేది ఆ మలుపులోనే. అదీ మా దెయ్యం! క్లిఫర్డ్ నవ్వి, వెయ్యడానికి అలాంటి బేరింగే ఇంకోటి తీశాడు. ఎడ్నా వాడి చేతిమీద ఒక్కటిచ్చింది.

"నారిస్ ఇచ్చిన రోలర్ ఏదీ?"

"టాఫీ డబ్బాలో దాచా. మంచిది కదా, ఎప్పటికైనా..."

"ఎప్పటికి? నన్ను పూడ్చాకా? వెయ్యి."

చలికాలం కదా, ఆదివారం సాయంత్రం నాలుగింటికే చీకటి. మలుపొచ్చింది. మూడో గేరు... చప్పుడు లేదు. ఇంకాస్త ఎక్కారు... లేదు. క్లిఫర్డ్ గట్టిగా నవ్వేశాడు. ఇన్నేళ్ళు బట్టల మిషనుకి భయపడ్డామా అని.

అప్పుడు — మెడ వెనక చల్లటి ఊపిరి తగిలింది.

"రోలరేనా...?"

క్లిఫర్డ్ నవ్వు ఆగిపోయింది. బండి మాత్రం ఎక్కుతూనే ఉంది.

ఎడ్నా తల కూడా తిప్పలేదు. గడ్డం కింద స్కార్ఫు ముడి బిగించుకుంటూ అంది —

"రోలరే నారిస్. ఇంక పడుకో."